ఇల్లు వెతికిపెట్టే సార్

మా సార్ పోయారన్న సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు ఫిజియోథెరపీ నేర్పిన సార్ ఆయన. ఆ గ్రూపు ఆయన పాత విద్యార్థులది. పొద్దున దవాఖానలో ఒక పెద్దాయన మోకాలికి కాపడం పెట్టి ఫోన్ తీస్తే, మావాడొకడు సార్ ఫొటో పెట్టి ఉన్నాడు. ఫొటోలో సార్ ఒక పక్కకు ఉన్నారు, నడిమధ్యన శాలువా కప్పుకుని వాడున్నాడు. కింద ఓం శాంతి. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. ఒకామె తొందరలో పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, నాలుక కరుచుకుని తీసేసింది. అంతమందిలో ఏమైందని అడిగినవాళ్లు లేరు.

నేనే ఇంటికి ఫోన్ చేశాను. సార్ భార్యను మేమంతా అమ్మా అని పిలుస్తాం. ఆమె ఏడవడం లేదు. "పొద్దుగాల చాయ్ తాగిండు బిడ్డా. పేపర్ల ఏదో సదివి 'గీళ్లకు సిగ్గు లేదే' అన్నడు. ఎవలకయ్యా అని వంటింట్ల నుంచే అడిగిన. జవాబు రాలే," అంది.

సార్ చివరి మాట అది. నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. ఆయన నోట మేం ఎక్కువసార్లు విన్న మాట అదే. ఎవరి గురించి అన్నారో ఆ పేపరు చూసి పట్టుకోవడం కూడా కష్టం, ఏ పేజీలోనైనా అర్హులు చాలామందే ఉంటారు.

మా కాలేజీని కాలేజీ అనడం మర్యాద కోసమే. సందులో ఒక బిల్డింగు. కింద బట్టల షాపు, మధ్యలో బ్యాంకు పరీక్షల కోచింగ్, పైన మేము. లిఫ్టు ఉండేది, దానికి 'మరమ్మతులో ఉంది' అని బోర్డు కూడా ఉండేది. బోర్డు లిఫ్టు కంటే ముందే కొన్నట్టుండేది. నడవలేనివాళ్లను నడిపించే చదువు కోసం అన్ని మెట్లు ఎక్కాలి. యాజమాన్యానికి ఇందులో విచిత్రమేమీ కనిపించలేదు. సార్‌కు కనిపించింది. "కాళ్లు మంచిగున్నోడు ఎక్కొస్తడు, ఆనికి మనతోని పనిలేదు. పనున్నోడు ఎక్కలేడు. ఇగ ప్రాక్టికల్స్ ఎవల మీద చేస్తరు, నా మీదనా?" అని, మమ్మల్ని కిందికి దింపి, బట్టల షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవారు. వచ్చేపోయే పెద్దవాళ్ల మోకాళ్లు, మెడలు మాచేత పరీక్ష చేయించేవారు. షాపు ఓనరు మొదట కసిరాడు. తర్వాత వాళ్ల అమ్మను తెచ్చి ఆ స్టూలు మీదే కూర్చోబెట్టాడు.

సార్‌ది పోచంపల్లి వైపు నేతపని చేసే కుటుంబం. నాన్నగారు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతుకంతా కూర్చుని, చివరికి లేచి నిలబడలేకపోయారట. ఆ ఊళ్లో చూసేవాళ్లు లేరు. సిటీకి తెచ్చేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఈ సంగతి సార్ మాకు ఒకే ఒక్కసారి చెప్పారు, అదీ బస్సు లేటైన సంగతి చెప్పినట్టు. కానీ పల్లెలకు ఫిజియోలు, ల్యాబు టెక్నీషియన్లు, ఎక్స్‌రే తీసేవాళ్లు ఎందుకు పోరు, పోయినా ఎందుకు ఉండరు అన్న మాట వస్తే మాత్రం ఆయన గొంతు మారిపోయేది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పల్లె దవాఖానల సిబ్బంది ఎక్కడుంటారో చూడాలంటే పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాకు రావాలి. అందరూ అక్కడే దొరుకుతారు, పల్లెల్లోనే దొరకరు. నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకుంటారు. ఎండ ముదిరాక డ్యూటీకి దిగి, సంతకం పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ బాక్స్ తిని, ఎండ తగ్గకముందే బయల్దేరుతారు. దీన్ని వాళ్లు 'అప్ అండ్ డౌన్' అంటారు. పైగా అలిసిపోయామంటారు! సార్ ఇల్లు ఎల్బీనగర్‌లో వెనక కాలనీలో. పొద్దున నడకకు వచ్చి, ఆ చౌరస్తాలోనే చాయ్ తాగుతూ వాళ్లను పలకరించేవారు. "ఏం తమ్మీ, డ్యూటీకా, సుట్టాలింటికా? బాక్స్‌ల ఏం కూర ఇయ్యాల?" వాళ్లు నవ్వేవాళ్లు. సార్ తమను మెచ్చుకుంటున్నారనే అనుకునేవాళ్లు అనుకుంటా. అంత దళసరి చర్మాలకు ఏ కరెంటు మిషన్ పెట్టినా జిల్లుమనదు.

అయితే సార్ తిట్లన్నీ వాళ్లకే అనుకుంటే పొరపాటు. పెద్దాఫీసుల వాళ్ల వాటా వేరే ఉండేది. గ్రామీణ ప్రాంతాలకు వైద్య సిబ్బందిని ఆకర్షించడం ఎలా అని ఒకసారి సిటీలో పెద్ద హోటల్లో సదస్సు పెట్టారు. సార్‌ను కూడా పిలిచారు. ఏసీ హాలు, బల్లల మీద పూలు, జీడిపప్పు. ఒకాయన తెర మీద బొమ్మలు వేసి, యువతలో సేవాభావం తగ్గిపోయిందని బాధపడ్డాడు. సార్ వంతు వచ్చింది. "సేవాభావం సంగతి తర్వాత సూద్దాం. గీ హోటల్ల బాత్‌రూంకు లోపట గడియ ఉన్నది. గా ఊర్ల కిరాయిండ్లకు లేదు. గడియ లేని ఇంట్ల మీ బిడ్డనుంచుతరా?" అని కూర్చున్నారు. చప్పట్లు పడ్డాయట. భోజనాల తర్వాత సదస్సు యథాప్రకారం సాగి, సేవాభావాన్ని పెంపొందించాలని తీర్మానించిందట. మళ్లీ ఆయనను ఎవరూ పిలవలేదు. సన్మానం తప్పిందని సంతోషించారు.

ఆ గడియ సంగతి ఆయనకెలా తెలుసంటే, ఊరూరా తిరిగి చూశారు కాబట్టి. అదే ఆయన పద్ధతి. తన దగ్గర చదివినవాళ్లకు పల్లెలో పోస్టింగ్ వస్తే, జాయిన్ కాకముందు ఒక ఆదివారం వాళ్లను వెంటబెట్టుకుని బస్సెక్కేవారు. దవాఖాన వైపు కన్నెత్తి చూసేవారు కాదు. కిరాయి ఇల్లు వెతికేవారు. "ఉద్యోగం సర్కారిచ్చింది. ఊరు మనమే ఎతుక్కోవాలె," అనేవారు.

నాకు సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటి ఇంకా చాలా దూరం పోతే వచ్చే ఒక మండల కేంద్రంలో పోస్టింగ్ వచ్చింది. ఊరి పేరు రాయను, రాస్తే తనిఖీలొచ్చి నా నెత్తినే పడతాయి. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. మా అమ్మ నన్ను అండమాన్ పంపుతున్నట్టు ఏడ్చింది. నాన్న ధైర్యం చెప్పారు: "ముందు జాయినైపోవే. తర్వాత ఎవర్నో ఒకర్ని పట్టుకుని డిప్యుటేషన్ మీద వచ్చేద్దువుగాని." డిప్యుటేషన్ అంటే, మనిషి పేరు పల్లెలో ఉంటుంది, మనిషి సిటీలో పనిచేస్తుంది. పేరుతో నడుములు బాగవుతాయనుకుంటే మంచి ఏర్పాటే.

ఆ ఆదివారం సార్, నేను ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. ఒకచోట కులమడిగారు. ఒకచోట పెళ్లైందా అన్నారు. ఇంకోచోట ఇంటాయన అరుగు మీద కాలు మీద కాలేసుకుని, "ఉద్యోగస్తులకిస్తంగని సారూ, ఆడివిల్ల ఒక్కతే అంటే బాగుండదు," అన్నాడు. సార్ అడిగారు: "మీ బిడ్డలేం చేస్తున్నరు?" "పెద్ద పిల్ల సిటీల హాస్టల్ల ఉండి చదువుకుంటాంది," అన్నాడు గర్వంగా. "ఆడ గూడ అందరు నీలెక్కనే ఉంటే నీ పిల్ల రోడ్డు మీద పండుతుండె," అని సార్ గేటు వేసి మరీ బయటికొచ్చారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇప్పుడు తలచుకుంటే హాయిగా ఉంటుంది.

చివరికి ఒక ఇంట్లో ఒకావిడ బట్టలారేస్తోంది. చెయ్యి పైకి లేవక, కొంగు పళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో తంటాలు పడుతోంది. సార్ ఇల్లు సంగతి అడగనే లేదు. "ఎన్నొద్దుల సంది లేస్తలేదమ్మా భుజం?" అన్నారు. ఆమెను గోడ ముందు నిలబెట్టి, వేళ్లతో గోడ మీద పైపైకి పాకించారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది, నొప్పితో. "రోజు గిట్ల చెయ్యాలె. చేస్తున్నవో లేదో ఈ పిల్ల సూస్తది. ఎట్లంటవా, మీ ఇంట్లనే కిరాయికుంటది," అన్నారు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గట్లనా బిడ్డా, ఎప్పుడొస్తవు మరి?" అంది. సార్ లోపలికెళ్లి బాత్‌రూం గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసి బయటికొచ్చారు.

దవాఖానలో నా గదిలో విరిగిన మంచాలు, పాత బ్యానర్లు పోసి ఉన్నాయి. అప్పటి సూపరింటెండెంటు నా ఆర్డరు చదివి, "ఫిజియో అంటే మాలిష్ కదా? అదెప్పుడైనా చేసుకోవచ్చు. ముందు ఓపీ చిట్టీలు రాయండి," అన్నాడు. అంత చదువూ చదివి కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్ల పేరూ వయసూ రాసే పని. సార్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "మంచి కుర్సీ ఇచ్చిండు కదా ఆయన! ఏ రోగి ఏ రూముకు పోవాల్నో రాసేది నువ్వే. నడుము నొప్పని వచ్చినోళ్లకు నీ రూం రాయి, పక్షవాతపోళ్లకు నీ రూం రాయి," అన్నారు. అలాగే రాశాను. రోగులు పోయి తాళం వేసిన గది ముందు కూర్చున్నారు. రోజురోజుకీ వరండా నిండింది. వాళ్లు నాలుగు కేకలు వేశాక ఆ మహానుభావుడే మంచాలు తీయించి, గదిని తానే ప్రారంభించినట్టు ఫొటో దిగాడు.

అలా ఉండిపోయాను. పెళ్లి కూడా అక్కడే అయింది, మావారు ఆ ఊరి జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఆ సంబంధం తానే కుదిర్చానని సార్ అందరికీ అబద్ధం చెప్పుకునేవారు, మేము కాదనలేదు. అయితే ఉండలేక వచ్చేసినవాళ్లను ఆయన ఒక్క మాట అనేవారు కాదు. ఎల్బీనగర్ ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, "ఏం తక్కువైంది?" అని మాత్రం అడిగేవారు. ఒకామెకు నీళ్లు. ఒకబ్బాయికి జీతం నెలల తరబడి రాకపోవడం. ఇంకొకామెకు డాక్టరు చూపు. ఆ చివరి సంగతి విన్నాక స్వయంగా బయల్దేరిపోయి, ఆ డాక్టరును ఓపీ నిండా జనముండగా నిలదీసి వచ్చారు.

సార్ పోవడానికి కొద్ది రోజుల ముందు నాకొక ఫోన్ వచ్చింది. మా బ్యాచ్‌వాడే. మా జిల్లాలోనే పోస్టింగ్ తీసుకుని, అక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోకుండా, డిప్యుటేషన్ల మీద డిప్యుటేషన్లు పాకి, ఇప్పుడు ఆ డిప్యుటేషన్లు వేసే ఆఫీసులోనే కూర్చున్నాడు. వాడిది మామూలు ప్రతిభ కాదు. "నీకు సిటీ డిప్యుటేషన్ చేయించిన. సర్‌ప్రైజ్! పార్టీ ఎప్పుడు?" అన్నాడు. నేను అడగలేదన్నాను. "అడగకపోతే ఏంది, మనోళ్లం కదా," అన్నాడు. నెలాఖరుకల్లా రిలీవ్ కావాలట.

అప్పుడు నా దగ్గరికి ఒక ముసలావిడ వస్తోంది. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది, మూతి వంకర పోయింది. కొడుకు ఆటోలో తెస్తే మంచం మీదే వచ్చినట్టు వచ్చేది. అప్పుడప్పుడే కర్ర పట్టుకుని నిలబడి అడుగులు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆపేస్తే ఆ కాలు మళ్లీ బిగుసుకుపోతుంది. ఆమెలాంటివాళ్లు వరండా నిండా ఉన్నారు. సిటీకి రమ్మంటే రారు, రాలేరు, వచ్చినా రోజూ రాలేరు. నేను పోతే ఆ గదికి తాళమే. పేరు అక్కడే ఉంటుంది కాబట్టి ఖాళీ కూడా చూపించరు, ఇంకొకరిని వేయరు.

సార్ ఇంటికి పోయి, ఆ ముసలావిడ సంగతి చెప్పి ఆర్డరు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "మంచిగ రాసిండ్రు. ఒక్క తప్పు లేదు," అన్నారు. ఉండమంటారేమో అని చూశాను. అనలేదు. "నేనేం చెయ్యను సార్?" అన్నాను. "నిన్ను ఉండుమని నేనెన్నడన్న చెప్పిన్నా? ఇల్లు సూపిచ్చిన. ఉండుడు నీ పని," అన్నారు. అమ్మ ఉప్మా పెట్టింది. బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి, "ఆ ముసలామెకు మెట్లెక్కుడు ఇప్పుడే మొదలువెట్టకు. తొందరపడ్తవు నువ్వు," అన్నారు. ఆయనను చూడటం అదే ఆఖరు. నాకు ఆయన కావాలి, ఇంకా చాలా ఏళ్లు కావాలి. ఇది ఎక్కడో ఒకచోట చెప్పాలి కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

సంతాప సభ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఫ్లెక్సీ మీద సార్ బొమ్మ ఒక మూలన పాస్‌పోర్ట్ సైజులో ఉంది, సంతాపపడేవాళ్ల బొమ్మలు నిలువెత్తున ఉన్నాయి. చౌరస్తా కార్ల బృందమంతా ముందు వరసల్లో. ఒకరి తర్వాత ఒకరు లేచి, సార్‌కు పల్లెలంటే ప్రాణమన్నారు. ఆ మాట అంటున్నవాళ్లలో పల్లెలో చీకటి పడటం చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత మా బ్యాచ్‌వాడు మైకు పట్టుకున్నాడు. గొంతు కూడా వణికించాడు. సార్ ఆశయాలు, సార్ అడుగుజాడలు, అన్నీ అయ్యాక నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి ప్రకటించాడు: "సార్ కలలు గన్న గ్రామీణ సేవకు గుర్తింపుగా, ఇన్నేళ్లు మారుమూల పనిచేసిన మా చెల్లెమ్మను సిటీకి తీసుకొస్తున్నం!"

హాలు చప్పట్లతో మోగింది. పల్లెలో ఉన్నందుకు బహుమతి పల్లెలో లేకుండా చేయడం. ఇందులో ఎవరికీ నవ్వు రాలేదు. వేదిక పక్కనున్న ఫొటోలో సార్ ఒక్కరే కాస్త వెటకారంగా ఉన్నట్టనిపించారు.

మైకు నేను తీసుకున్నాను. "నా గదికి ఎవరొస్తారు?" అన్నాను. "ఆల్టర్నేట్ అరేంజ్‌మెంట్ చూస్తం," అన్నాడు వాడు నవ్వుతూ. "చూడ్డం ఎందుకు, హాలు నిండా ఫిజియోలే కదా. వచ్చేవాళ్లు చెయ్యెత్తండి. ఇల్లు నేను చూపిస్తాను," అన్నాను. కొందరికి అప్పుడే ఫోన్లు వచ్చాయి. ఒకాయన చెప్పుల వైపు చూసుకున్నాడు. భుజాలు లేపించే విద్య నేర్చినవాళ్లు అంతమంది ఉండి, ఒక్క భుజం లేవలేదు.

"అయితే నేను రాను. అక్కడే ఉంటాను," అని శాలువా కుర్చీ మీద పెట్టి దిగాను. వెనక మైకులో వాడు, "చెల్లెమ్మ జర ఎమోషనల్ అయింది," అంటున్నాడు. ముందు వరసలో కూర్చున్న సార్ భార్య నా చెయ్యి పట్టుకుంది. "వీళ్లు తిని పోతరు తియ్యి. నువ్వు బస్సెక్కు, చీకటి పడ్తది," అంది. భోజనాల కోసం జనం అప్పటికే లేస్తున్నారు.

ఆర్డరు రద్దు కాలేదు. నేను రానని రాసిచ్చిన కాగితం పెద్దాఫీసులో ఏ బల్ల మీదుందో నాకు తెలియదు. నెలాఖరు దాటగానే నన్ను వాళ్లే రిలీవ్ చేసేశారు. జీతం వస్తుందో రాదో ఎవరూ చెప్పడం లేదు. ఇప్పటి సూపరింటెండెంటు మంచివాడే, భయస్తుడు. "టెక్నికల్‌గా మీరు ఇక్కడ లేరు మేడం," అన్నాడు. గది తాళంచెవి మాత్రం అడగలేదు.

సిబ్బంది ఊరు వదిలిపోకుండా మా వరండా గోడకు ఈమధ్య ముఖం చూసి హాజరు వేసే మిషన్ ఒకటి బిగించారు. పొద్దున నేను దాని ముందు నిలబడతాను. వివరాలు లభించలేదు అంటుంది. జరిగి మళ్లీ నిలబడతాను. మళ్లీ అదే మాట. మొన్న నా వెనకే ఆ ముసలావిడ వచ్చింది, కొడుకు లేకుండా, కర్ర పట్టుకుని తనే నడుచుకుంటూ. ఇదంతా నిలబడి చూసింది. "ఏమంటాంది బిడ్డా గిది?" అంది.

"నేనిక్కడ లేనంటోంది పెద్దమ్మా."

"దీని కండ్లు పోనూ," అని నన్ను పక్కకు జరిపి, తన ముఖం మిషన్‌కు ఆనేంత దగ్గరగా పెట్టింది. "ఇటు సూడు. గీమె ఈడనే ఉంటది. నేను జెప్తున్న, రాస్కో," అంది. తెర నిండా ఆ ముఖమే, ఒక పక్క కదులుతూ, ఒక పక్క కదలకుండా. దాని చుట్టూ పచ్చటి గడి ఒకటి పడి, ఎవరో తెలియక తిరుగుతూనే ఉంది.